ఎడ్లతో మాట్లాడిన గొంతు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది పూల మస్తానమ్మక్క. 2024లో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. నరసరావుపేటలో మా రికార్డింగ్ సెంటర్ షట్టర్ ఎత్తి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, ఆమె తెచ్చే మూర చామంతుల కోసం చూస్తున్నాను. రోజూ గుమ్మంలోంచే "వరమ్మా" అని కేకేసి పూలిచ్చి పోయే మనిషి, ఆ రోజు బుట్ట దించి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"పిచ్చయ్య బాబాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారే. క్యాన్సరని గొంతు లోపలిది మొత్తం తీసేశారంట. ఇంక మాట రాదంట."

"ఇంక ఎప్పటికీనా?"

"ఎప్పటికీనంట. సామ్రాజ్యం పిన్నికి చూస్తే చూపు లేదాయె. ఈయన చెప్పలేడు, ఆమె చూడలేదు. ఎట్టనే వాళ్ళిద్దరూ?" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మా వృత్తి గురించి తెలియనివారి కోసం ఒక మాట. ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధి తిరుగుతూ వినిపించే ప్రకటనలు ఉంటాయి కదా, బట్టల షాపు తగ్గింపు ధరలు, స్కూలు అడ్మిషన్లు, గుళ్ళో అన్నదానం, ఒక్కోసారి ఎవరో పెద్దాయన పెద్దకర్మ. అవన్నీ మా సెంటర్ లాంటి చోట్ల తయారవుతాయి. మావారు మైకుసెట్లు అద్దెకిస్తారు. అద్దాల గదిలో గొంతులు రికార్డు చేసి, వెనకున్న రొద తీసేసి, శుభ్రం చేసి ఇచ్చేది నేను. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కాలి జబ్బుతో కదల్లేకపోతే నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, హార్మోనియం నేర్పారు. కంప్యూటర్ మా తమ్ముడు నేర్పాడు. ఈ రోజు తినే అన్నం వాళ్ళిద్దరి పుణ్యమే అనుకుంటాను.

పిచ్చయ్య బాబాయి మాకు చుట్టం కాదు. మా ప్రాంతంలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలకి ఆయన కామెంటరీ చెప్పేవాడు. బరిలోకి వచ్చిన జత ఎవరిది, ఏ ఊరిది, బండని ఎంత దూరం లాగింది, ఇంకా ఎంత సమయం మిగిలింది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. మైకు మావారిది, గొంతు ఆయనది. అందరూ మైకుని పెదాలకి ఆనించుకుంటే ఆయన చేయి చాపినంత దూరంలో పట్టుకునేవాడు. "దగ్గర పెడితే మీ ఆయన సౌండు పెట్టెలు పగులుతయ్ అమ్మాయ్" అని నవ్వేవాడు. అంత పెద్ద గొంతు.

ఆ ఆదివారం మస్తానమ్మక్కతో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమెదీ ఆ ఊరే. నేను వాకిట్లో అడుగు పెట్టేసరికి లోపల గంట మోగింది. ఎద్దు మెడలో కట్టే చిన్న ఇత్తడి గంట. బాబాయి దాన్ని తాడుతో ముంజేతికి కట్టుకుని ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. మనిషి సగమయ్యాడు.

"ఆ గంటేంది బాబాయ్?" అన్నాను.

సమాధానం వసారాలో కూర్చున్న పిన్ని నుంచి వచ్చింది. నీటికాసుల జబ్బుతో ఆమె చూపు ఎప్పుడో పోయింది. "నేనే కట్టుకోమన్నా వరమ్మా. ఏ మూలున్నాడో నాకు తెలియొద్దా? ఇన్నాళ్ళూ ఎడ్ల చుట్టూ తిరిగాడు. ఇప్పుడు తనే ఎద్దయ్యాడు."

బాబాయి ఒళ్ళో పలక ఉంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆయన చెప్పదలుచుకున్నది అందులో రాస్తాడు. అయితే పిన్ని చదవలేదు కాబట్టి ఎవరో ఒకరు వచ్చి ఆమెకి చదివి వినిపించాలి.

"మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలన్నా పక్కింటోళ్ళని పిలవాల్సి వస్తంది," అంది పిన్ని. "మొన్నేందో తిట్టి రాశాడంట. పక్కింటి కోడలు చదవకుండా నవ్వుకుంటా పోయింది. ఏం తిట్టాడో నాకింతవరకు తెలియలా."

బాబాయి గబగబా పలక తుడిచి రాసి నా వైపు తిప్పాడు. నేను చదివాను. "తిట్టలేదంట పిన్నీ. దోసకాయ పచ్చట్లో ఉప్పు లేదన్నాడంట."

"చూశావా, గొంతు పోయినా నాలిక పోలా!"

మస్తానమ్మక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ లేచి వస్తుంటే పిన్ని నా చేయి పట్టుకుంది.

"ఉగాది పోంగానే మా అమ్మాయి నన్ను చిలకలూరిపేట తీసకపోతదంట. ఈయన్ని సత్తెనపల్లిలో అబ్బాయి కాడ ఉంచుతారంట. ఒకరి మాట ఒకరికి అందనప్పుడు ఒకే ఇంట్లో ఉండి ఏం చేస్తారు, ఏదన్నా జరిగితే పిలవను కూడా పిలవలేడు గదా అంటన్నారు. వాళ్ళ తప్పేం లేదు. భయం వాళ్ళకి." నా చేయి వదలకుండానే, "నిజం చెబుతున్నా వరమ్మా, ఇంట్లో ఇద్దరం ఉన్నాం. అయినా నేనొక్కదాన్నే ఉన్నట్టుంది," అంది.

బాబాయి వింటున్నాడు. గంట మోగకుండా రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

బస్సు దిగేటప్పుడు మస్తానమ్మక్క, "గొంతులతోనే గదే నీ పని. ఏదన్నా చెయ్యి," అంది. ఆ మాట దేవుడే ఆమె నోట పలికించాడని నా నమ్మకం.

రాసినదాన్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు ఫోన్లలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని టెక్స్ట్ టు స్పీచ్ అంటారు. బాబాయికి ఫోన్లో చిన్న చిన్న అక్షరాలు నొక్కడం కుదరదు కాబట్టి, వేలితో పెద్దగా రాస్తే గుర్తుపట్టే ట్యాబ్ ఒకటి తీసుకెళ్ళాం. పలక మీద రాసినట్టే దాని మీద రాయాలి, పక్కన ఉన్న బొమ్మ నొక్కితే మాట వస్తుంది. బాబాయి చక్కగా రాశాడు: "సామ్రాజ్యం, కాళ్ళ నొప్పులు తగ్గినాయా?" ట్యాబ్ స్పష్టంగా పలికింది. ప్రతి అక్షరం శుద్ధంగా, తీరికగా.

పిన్ని తల పక్కకి తిప్పుకుంది. "ఎవరే ఈయన? వార్తలు చదివేటాయనా?"

"బాబాయే పిన్నీ. ఆయన రాస్తే అది చదువుతోంది."

"పరాయి మగాడెవరో నా ఇంట్లోకొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచి నా కాళ్ళ నొప్పులడిగితే, ఊ కొట్టమంటావా? నేను పలకను."

ఎంత చెప్పినా పలకలేదు. ఆమెది మొండితనం అనుకోలేకపోయాను. చూపు లేనివాళ్ళకి మనిషంటే గొంతే. ఆ గొంతు వేరే అయితే ఎదురుగా ఉన్న మనిషీ వేరే.

అప్పుడు గుంటూరులో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాయిస్ క్లోనింగ్ అని ఒకటి వచ్చిందని వాడు చెప్పాడు. ఒక మనిషి మాట్లాడిన రికార్డింగులు కొన్ని ఇస్తే, కంప్యూటర్ ఆ గొంతు తీరు నేర్చుకుని, ఆయన ఎప్పుడూ అనని మాటని కూడా ఆయన గొంతుతోనే అంటుంది. ఇదే పనితనంతో మోసాలు చేసేవాళ్ళు ఉన్నారని కూడా వాడే చెప్పాడు. అందుకని ముందు బాబాయి దగ్గరికి వెళ్ళి అడిగాను.

"బాబాయ్, నీ గొంతు కంప్యూటర్‌కి నేర్పిస్తాం. అది నీ చేతిలో ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా మాట్లాడదు. మా షాపు ప్రకటనలకి వాడను, ఎలక్షన్ ఆటోలకి ఎవరొచ్చి అడిగినా ఇవ్వను. నీకు సమ్మతమేనా?"

ఆయన పలక మీద రాశాడు: "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే."

బాబాయి గొంతు మా దగ్గర కావలసినంత ఉంది. మావారు పోటీల మైకు నడిపేటప్పుడు కామెంటరీ అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టేవారు. వాటిలో ఈలలు, డప్పులు, జనరేటర్ రొద తీసేసి తమ్ముడికి పంపాను. వాడు తయారు చేసి తిప్పి పంపిన రోజే ఆ ఊరు వెళ్ళాం. మస్తానమ్మక్క పూలబుట్టతో సహా వచ్చి కూర్చుంది.

బాబాయి రాసి బొమ్మ నొక్కాడు. రాసింది ఇంతే: "సామ్రాజ్యం, కొంచెం మజ్జిగియ్యి."

"సా...మ్రాజ్యం! కొంచెం... మజ్జిగియ్యీ...!" అని ట్యాబ్ గర్జించింది. గోడవారన పడుకున్న కుక్క లేచి పరిగెత్తింది. ఆ గొంతు ముమ్మాటికీ బాబాయిదే. కాకపోతే ఆఖరి రౌండులో బండ కదలకపోతే ఎడ్లని, తోలేవాళ్ళని, చూసే జనాన్ని కలిపి లేపే గొంతు.

పిన్ని ఉలిక్కిపడి గుండె మీద చెయ్యేసుకుంది. "ఏందయ్యా! నేనేమన్నా బండ లాగుతున్నానా?"

అందరం పడీ పడీ నవ్వాం. పిన్ని కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బాబాయి మాత్రం నవ్వలేదు. ట్యాబ్ తిరగేసి పక్కన పెట్టాడు. పక్కన పెట్టిన ఆ చప్పుడు పిన్నికి అర్థమైంది.

"గొంతు నీదేనయ్యా, కాదనటంలా," అంది మెత్తగా. "నువ్వు మైకులో ఇట్టనే ఉండేవాడివి. ఇంట్లోనూ దాదాపు ఇట్టనే ఉండేవాడివనుకో. కానీ పొద్దస్తమానం ఈ కేకతో కాపరం ఎట్ట చేసేది?"

నేను అప్పుడు తెలుసుకున్నది ఇది: కంప్యూటర్‌కి మనం ఏ నమూనా ఇస్తే ఆ తీరే అది నేర్చుకుంటుంది. మేం కేకలు ఇచ్చాం, అది కేకలు నేర్చుకుంది. యంత్రం పని యంత్రం సరిగ్గానే చేసింది. ఇంకో నమూనా కావాలి.

"పిన్నీ, బాబాయి మెల్లగా మాట్లాడింది ఎక్కడన్నా రికార్డు అయిందేమో గుర్తు తెచ్చుకో. ఏ పెళ్ళిలోనో, ఫోన్లోనో."

పిన్ని మూతి తిప్పింది. "ఈయన మెల్లగా మాట్లాడింది ఎడ్లతోనే. మా సావిట్లో ఎడ్లున్నప్పుడు గోడ ఇవతల నుంచి వినేదాన్ని. ఎంత బాగా మాట్లాడేవాడనుకున్నావ్! బుజ్జగింపులు, ముచ్చట్లు. లోపలికొచ్చి నన్ను చూడంగానే, 'అన్నమయిందా?' అని ఒక్క కేక."

మస్తానమ్మక్క, "ఆ ఎడ్ల జన్మయినా ఎత్తకపోతివే పిన్నీ," అంది.

బాబాయి సిగ్గుపడ్డట్టు పలక తీసుకుని ఆ ముచ్చట్ల సంగతి రాశాడు. పోటీకి ముందు రోజు సాయంత్రం ఎడ్లని కట్టేసిన చోటికి వెళ్ళి, ఒక్కో జత దగ్గర నిలబడి పేరు, ఊరు, వయసు చెప్పే పళ్ళ లెక్క తెలుసుకోవడం ఆయన అలవాటు. అది మావారికీ తెలుసు. ఆ సాయంత్రాల్లో ఎడ్ల గంగడోళ్ళు నిమురుతూ ఆయన వాటితో మాట్లాడతాడని మాత్రం మాకెవరికీ తెలియదు. చేతిలో మైకు లేనప్పుడు మేం ఆయన్ని పట్టించుకున్నదెప్పుడు?

మావారు ఎడ్ల ఆసాముల వాట్సాప్ గ్రూపులో విషయం రాసి పెట్టారు. పిచ్చయ్య గారు ఎడ్లతో మాట్లాడుతుండగా ఎవరైనా తీసిన వీడియో ఉంటే పంపమని అడిగారు. ఆ గ్రూపులో ఒకరి జత గురించి ఒకరు వేసుకునే వెటకారాలకి లెక్కుండదు. ఆ రోజు మాత్రం వీడియోలు వచ్చిపడ్డాయి. ఒక్కోటీ పెట్టి విన్నాను. ఒకదాంట్లో గాలి హోరు, ఇంకోదాంట్లో ఎవరో పాట పెట్టారు, మరోదాంట్లో బాబాయి ఉన్నాడు గానీ వీడియో తీసేవాడే మాట్లాడుతున్నాడు. ఉగాది దగ్గర పడుతోంది. దీపం పెట్టి, "ఆ ఇల్లు రెండు ముక్కలు కాకుండా చూడు తండ్రీ," అనుకున్నాను. అంతకంటే అడగడం నాకు రాదు.

అప్పుడొచ్చింది ఫోను.

"అమ్మా, నా పేరు ఏసోబు. ఈపూరు కాడ నుంచి మాట్లాడతన్నా. మా ఆసామి ఎడ్లని చూసుకునేది నేనే. పిచ్చయ్య గారి మాటలు కావాలన్నారంట గదా. నా కాడ వీడియో లేదమ్మా, ఒట్టి మాటలే ఉన్నయ్. పనికొస్తయ్యా?"

"ఒట్టి మాటలే కావాలి ఏసోబూ! ఎందుకు రికార్డు చేశావ్?"

అతను కొంచెం మొహమాటపడ్డాడు. "నవ్వబాకండమ్మా. మా దాపటెద్దు, ఎడంపక్కది, పందేనికి పోయినప్పుడల్లా అలిగి మేత ముట్టదు. ఆ పెద్దాయన దగ్గర నిలబడి మాట్లాడతా ఉంటే మటుకు తినింది. ఊరికే ఆయన్ని పిలవలేం గదా. అందుకని ఆయన మాటలు ఫోన్లో పట్టుకున్నా. అది మేత మానేసినప్పుడల్లా చెవి కాడ పెడతా. తింటది."

నేను నవ్వలేదు.

వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది, ఫోనే తీసుకురమ్మన్నాను. మర్నాడు ఏసోబు బస్సెక్కి వచ్చాడు. ఫోను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. నడివయసు మనిషి. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. ఫోన్ కంప్యూటర్‌కి కలిపి రికార్డింగ్ పెట్టాను. మొదట "ష్..." అని ఒక శబ్దం. పక్కన మాట్లాడుకుంటున్నవాళ్ళని ఏసోబు ఆపడం అది. తర్వాత నిశ్శబ్దం. నెమరు వేస్తున్న చప్పుడు. ఆ మీదట బాబాయి.

"ఏందయ్యా, అలిగావా? ఊరంతా నీ పేరే చెప్పుకుంటంటే నువ్విక్కడ మొహం ముడుచుకుని నిలబడితే ఎట్ట? నీయంత అందగాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా? తిను నాయనా. ఇంకొక్క పిడికెడు. తొందరేం లేదులే. నేనాడికీ పోను, ఇక్కడే ఉంటా."

అద్దాల గదిలో ఎన్ని గొంతులు విన్నాను! మైకు ఉందని తెలిసిన గొంతు ఎంతో కొంత వేషం వేసుకుంటుంది. ఈ గొంతుకి వేషం లేదు. ఏసోబుకి టీ తెప్పించి, రొద తీసేసిన రికార్డింగ్ అతని ఫోన్లోకి కూడా ఎక్కించి ఇచ్చాను. "మీ ఎద్దుకి ఇంకా బాగా వినపడుతుందిలే," అన్నాను. అతని మొహం వెలిగింది. బస్సు ఖర్చు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "ఆ పెద్దాయన మా ఎద్దుకి చేసింది ఇప్పుడాయనకే తిరిగి చేరతంది, అంతే గదమ్మా," అని వెళ్ళిపోయాడు.

తమ్ముడు ఈ నమూనాతో గొంతు మళ్ళీ తయారు చేసి పంపాక, ఈసారి ట్యాబ్ తీసుకుని వెళ్ళినప్పుడు పిన్నికి ఏమీ చెప్పలేదు. ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బాబాయి చాలాసేపు వేలు గాల్లోనే ఉంచి, చివరికి రాశాడు. నొక్కాడు.

"సామ్రాజ్యం. నేనిక్కడే ఉన్నా."

పిన్ని చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ నొక్కమన్నట్టు తల ఆ వైపు వంచింది. బాబాయి ఇంకోటి రాశాడు. "తిన్నావా? పొద్దుట్నుంచి కూర్చునే ఉన్నావు."

ఆమె మోకాలి మీద గడ్డం ఆనించుకుని విన్నది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఈ గొంతు ఎడ్లకి తప్ప ఇంకెవరికీ పెట్టినాయన కాదు వరమ్మా," అంది. "ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది."

తర్వాత చెయ్యి చాపి, "ఆ గంట ఇటియ్యవయ్యా. ఇంక దాంతో పనేముంది," అంది. ఆయన ముంజేతి తాడు ముడి ఆమే తడుముకుంటూ విప్పింది.

ఉగాది వెళ్ళిన వారానికి కూతురు కారు తీసుకుని వచ్చిందట. ఆ రోజు నేను లేను, మస్తానమ్మక్క ఉంది. ఆమె చెప్పగా విన్నది రాస్తున్నాను. కూతురు తల్లి బట్టలు సర్దబోతుంటే బాబాయి ట్యాబ్ తీసి, "మీ అమ్మ రాదు," అనిపించాడట. చనిపోయినవాళ్ళు లేచొచ్చి మాట్లాడితే విన్నట్టు ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చిందట. పిన్ని మాత్రం ఊరుకోలేదు. "నన్నడక్కుండా చెబుతున్నాడు చూడండి! మాట రాంగానే పెత్తనం కూడా వచ్చింది!" బాబాయి వెంటనే రాశాడట: "పోతావా?" పిన్ని, "పోనని నేను చెప్పాల గదా, నువ్వెవరు చెప్పేదానికి?" అంది. పిల్లలు వాళ్ళని ఆ ఇంట్లోనే ఉండనిచ్చారు. రాత్రికి ఎవరైనా తోడుండేలా ఏర్పాటు చేసి, వారం వారం వచ్చి చూసి పోతున్నారు. కారు మాత్రం ఆ రోజు పచ్చడి జాడీతో తిరిగి వెళ్ళింది, ఉప్పు సరిపోయిన పచ్చడితో.

యంత్రాల వల్ల మనుషులు దూరమవుతున్నారని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం లేదనను. అయితే ఈ సంగతి జరిగాక, షాపుకి ఎవరైనా కొత్త పని తెస్తే నేను ముందు అడిగేది యంత్రం గురించి కాదు. ఈ గొంతు ఎవరి చెవిలో పడాలి, ఆ చెవి దేని కోసం కాచుకుని ఉంది, అని అడుగుతున్నాను. అది తెలిస్తే యంత్రం మంచి పనివాడు. అది తెలియకపోతే మజ్జిగ అడగడానికి గర్జిస్తుంది.

ఒక చిన్న సంగతి మిగిలింది. ట్యాబ్‌లో బాబాయి మాట మొదలయ్యే ముందు ఒక్కోసారి సన్నగా "ష్" అని వినబడుతుంది. ఏసోబు అందరినీ ఆపిన చప్పుడు అది. నేను ఎంత తుడిచినా దాని జాడ నమూనాలో మిగిలిపోయింది, కంప్యూటర్ దాన్ని కూడా బాబాయి గొంతులో భాగమే అనుకుంది. ఇంకోసారి శుభ్రం చేసి తెస్తానంటే బాబాయి చెయ్యి అడ్డంగా ఊపాడు. పిన్నికైతే అది వినబడగానే మొహం విచ్చుకుంటుంది. "ఏసోబు చెప్పాడు, ఇంక అందరూ నోరు మూసుకోండి," అంటుంది.

నా కంటే ముందు, మా తమ్ముడి కంటే ముందు, ఒక గొంతుని దాచిపెట్టి వినిపిస్తే దిగులుపడ్డ ప్రాణి నాలుగు ముద్దలు తింటుందని కనిపెట్టినవాడు అతను. మీరు ఎప్పుడైనా మా వైపు ఎడ్ల పోటీలకి వస్తే మైకు దగ్గరే ఆగిపోకండి. వెనక ఎడ్లని కట్టేసిన చోటికి కూడా ఒకసారి నడవండి. అక్కడ ఎవరైనా ఎద్దు చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి కనిపిస్తే, దయచేసి చప్పుడు చేయకండి. ఈపూరు ఏసోబుని ఒక్కసారి తలుచుకోండి.